అక్రోపోలిస్ మ్యూజియం: అథీనా కోసం వెళ్లేవారికి

గ్రీకు దేవత అథీనా ఏథెన్స్‌కి నగరదేవత ఎలా అయిందో, ఆ ఊరు ఆమెను ఎలా కొలిచిందో ఒకేచోట చూడాలంటే ఈ మ్యూజియాన్ని మించింది లేదు. కాకపోతే చూసే వరుస తప్పితే సగం అర్థం కాదు. పక్కనున్న అక్రోపోలిస్ కొండ మీదికి తీసుకున్న టికెట్ ఇక్కడ చెల్లదు, వేరే తీసుకోవాలి.

2009లో తెరిచిన ఈ భవనంలో ముందు మూడో అంతస్తుకి వెళ్లండి. ఆ గదిని కొండ మీది అథీనా ఆలయం పార్థెనాన్ దిశకు సరిగ్గా తిప్పి కట్టారు, అద్దాల్లోంచి ఆలయం కనిపిస్తూనే ఉంటుంది. పడమటి పెడిమెంట్ (ఆలయ కప్పు కింది త్రికోణపు శిల్పభాగం) దగ్గర మొదలుపెట్టాలి. నగరం కోసం జరిగిన పోటీలో సముద్రదేవుడు పొసైడన్ ఉప్పునీటి ఊట పుట్టిస్తే, అథీనా ఆలివ్ చెట్టు మొలిపించి గెలిచింది. ఆ ఘట్టమే అక్కడ చెక్కారు. బాగా దెబ్బతింది. పొసైడన్ మొండెం కూడా కొంత ఇక్కడ, కొంత లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉంది.

తర్వాత అథీనా పండుగ ఊరేగింపును చూపే శిల్పపట్టీ. మొత్తం 160 మీటర్లు. ఆలయం మీద సుమారు 12 మీటర్ల ఎత్తున ఉండేది, ఇక్కడ దాదాపు కంటి ఎదురుగా ఉంది. ఎక్కడ పడితే అక్కడ మొదలుపెడితే తికమకే. ఊరేగింపు నైరుతి మూలన రెండు పాయలుగా విడిపోయి తూర్పున కలుస్తుంది, కాబట్టి పడమర నుంచి ఉత్తరం మీదుగా తూర్పుకి నడవండి. తేనెరంగు రాయి అసలుది, తెల్లనిది ప్లాస్టర్ నకలు. అసలు రాళ్లు సుమారు 50 మీటర్ల మేర ఇక్కడున్నాయి, దాదాపు 80 మీటర్లు లండన్‌లో.

తూర్పు వైపు చేరాక ఈ తేడా గుండెల్లో గుచ్చుకుంటుంది. అథీనాకు సమర్పించే పెప్లోస్ వస్త్రాన్ని మడిచే దృశ్యం, పక్కనే కూర్చున్న అథీనా, రెండూ నకలే. ఓడిపోయిన పొసైడన్ మాత్రం అసలు రాతిలో, అపోలో, ఆర్టెమిస్‌ల పక్కన కూర్చుని ఉన్నాడు. నగరదేవత తన సొంత ఊళ్లో లేకపోవడం అన్యాయం.

ఒక పొరపాటు చాలామంది చేస్తారు. ఆ వస్త్రం శిల్పి ఫిడియాస్ పార్థెనాన్ కోసం చేసిన బంగారు, దంతపు విగ్రహానికి కాదు. క్రీ.పూ. 438లో ప్రతిష్ఠించిన ఆ విగ్రహం నగర వైభవానికి గుర్తు. పూజలందుకున్నది అథీనా పోలియాస్, ఆలివ్ చెక్కతో చేసిన పాత విగ్రహం. రెండూ మిగల్లేదు. అందుకే పోలియాస్ చోటు తెలియాలంటే ఆ పాత విగ్రహం ఉండిన ఆలయం, కొండ మీది ఎరెఖ్థియోన్ చూడక తప్పదు. దాని ఆరు క్యారియాటిడ్లలో (స్త్రీ రూపపు స్తంభాలు) ఐదు మొదటి అంతస్తులో ఉన్నాయి, వెనక్కి వెళ్లి జడలు చూడండి.

అదే అంతస్తులో పాత అథీనా ఆలయపు పెడిమెంట్ ఉంది. పాముల అంచున్న ఏజిస్‌ను (ఆమె రక్షణ కవచం) ముందుకు చాచి రాక్షసుల మీదికి దూకే అథీనాని చూస్తే, ఊరు ఆమె మీద అంత భరోసా ఎందుకు పెట్టుకుందో తెలుస్తుంది.

చాలామంది దాటేసేది సామోస్ అనే గ్రీకు దీవి వాసుల గౌరవార్థం చెక్కించిన శాసనం. పైభాగంలో ఏథెన్స్ తరఫున అథీనా, సామోస్ తరఫున హీరా చేతులు కలుపుతారు. రెండు ఊళ్ల ఒప్పందాన్ని ఇద్దరు నగరదేవతలే ఖాయం చేస్తున్నారు. దాని ముందు కాసేపైనా నిలబడండి.

కింది అంతస్తులో నేల చాలామటుకు అద్దమే. సన్నని మడమల చెప్పులు వద్దు.