జాంగో ఎల్‌టీఎస్: ఎప్పుడు ఆపుతారో ముందే చెప్పే లైబ్రరీ

ఆదోని మార్కెట్ యార్డులో కమీషన్ ఏజెంట్లకు మేం లెక్కల సాఫ్ట్‌వేర్ నడుపుతాం. పత్తి, వేరుశనగ లాట్లు, కాటా తూకం, హమాలీ కూలి, కమీషన్, ఆఖరున రైతు చేతికిచ్చే లెక్క చీటీ అయిన తక్‌పట్టీ, అన్నీ అందులోనే. మొత్తం జాంగో మీద రాసిందే. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో వెబ్ సాఫ్ట్‌వేర్ రాయడానికి వాడే లైబ్రరీ అది. 2.2తో మొదలుపెట్టి 3.2, 4.2 దాటి ఇప్పుడు 5.2కి వచ్చాం. ఎల్‌టీఎస్, అంటే ఎక్కువ కాలం మద్దతు ఉండే వెర్షన్లు తప్ప మధ్యలో వచ్చేవాటి జోలికి పోలేదు. ఇన్నేళ్లలో నాకు అన్నిటికన్నా అక్కరకొచ్చిన ఫీచర్ ఏదంటే, వాళ్లు ముందే ప్రకటించే తేదీల పట్టిక.

ఎనిమిది నెలలకో కొత్త వెర్షన్, రెండేళ్లకో ఎల్‌టీఎస్, దానికి మూడేళ్లపాటు సెక్యూరిటీ ప్యాచ్‌లు. 3.2 గడువు 2024 ఏప్రిల్‌లో తీరింది. 4.2 మాత్రం 2023 ఏప్రిల్‌లోనే వచ్చేసింది. అలాగే 4.2 గడువు 2026 ఏప్రిల్ అయితే, 5.2 అంతకు ఏడాది ముందే విడుదలైంది. పాతది ఆగేలోపు ఏడాది వ్యవధి దొరుకుతుందన్నమాట. అక్టోబరులో పత్తి రావడం మొదలైతే సీజన్ అయ్యేదాకా మేం సర్వర్ మీద చెయ్యి వెయ్యం. రాత్రి ఏదో మార్చి, పొద్దున్నే గుమాస్తా ఫోన్ చేసి "అన్నా, తక్‌పట్టీ రావడం లేదు, రైతులు నిలబడి ఉన్నారు" అంటే ఏం చెప్తాం? ఎండాకాలంలో పత్తి తగ్గాక తీరిగ్గా మార్చుకుంటాం. ఏప్రిల్ తేదీలు మాకు అచ్చంగా కుదిరాయి.

ఇంతకుముందు వాడిన ఒక ఎస్ఎంఎస్ సంస్థ ఇలా కాదు. సీజన్ మధ్యలో పాత ఏపీఐని, అంటే మా ప్రోగ్రామ్ వాళ్ల సర్వర్‌తో మాట్లాడే దారిని, ఆపేసింది. మెయిల్ లేదు, తేదీ లేదు. రైతులకు వెళ్లాల్సిన ధరల మెసేజ్‌లు రెండు రోజులు ఆగిపోయాయి. వాళ్ల సపోర్ట్‌కు ఫోన్ చేస్తే "కొత్త వెర్షన్‌కు మారండి సార్" అన్నారు తప్ప ఇంకో మాట లేదు. ఆ టెన్షన్ పడ్డాక, ఏ లైబ్రరీ తీసుకున్నా మొదట దాని సపోర్ట్ పాలసీ చదువుతున్నాను.

జాంగోలో ఒక ఫంక్షన్‌ను తీసేయాలంటే ముందు హెచ్చరిక ఇస్తారు. ఏ వెబ్ చిరునామాకు ఏ కోడ్ నడవాలో రాసే యూఆర్ఎల్స్ ఫైల్‌లో మేం అంతటా వాడిన పాత 'యూఆర్ఎల్' ఫంక్షన్‌నే తీసుకోండి. దాన్ని 3.1లో వదిలేయమన్నారు, 4.0లో తీసేశారు. మధ్యలో ఉన్న 3.2లో హెచ్చరికలు ఆన్ చేసి టెస్టులు నడిపితే, ఏ ఫైల్లో ఏ లైన్‌లో ఉందో కనిపించింది, ఏ వెర్షన్‌లో పోతుందో హెచ్చరిక పేరులోనే ఉంది. అన్నీ దాని బదులు వాడే 'రీ-పాత్' కింద మార్చాం. ఒక ఎల్‌టీఎస్‌లో ఒక్క హెచ్చరికా లేకుండా చేసుకుంటే, తర్వాతి ఎల్‌టీఎస్‌కు పోవడంలో సగం పని అయినట్టే.

మిగతా సగం రిలీజ్ నోట్స్ చదవడం. దీన్ని దాటేయకండి. 4.0 నుంచి ఫారం ఏ చిరునామా నుంచి వచ్చిందో చెబుతూ బ్రౌజర్ దానితోపాటు పంపే చిన్న సమాచారాన్ని, అంటే ఆరిజిన్ హెడర్‌ను కూడా జాంగో సరిచూస్తుంది. మా టెస్ట్ సర్వర్‌లో ముందు రిక్వెస్టులు అందుకుని లోపలికి పంపే ప్రాక్సీ, వెనక జాంగో. లాగిన్ నొక్కగానే 403, అంటే 'అనుమతి లేదు' అనే ఎర్రర్. నమ్మదగిన చిరునామాల సెట్టింగ్‌లో 'హెచ్‌టీటీపీఎస్'తో సహా పూర్తిగా రాస్తే సరిపోయింది. నోట్స్‌లో ఆ సంగతి స్పష్టంగానే ఉంది. కానీ ఇలాంటివి పైన చెప్పిన తీసివేత (డెప్రికేషన్) హెచ్చరికల్లో రావు.

నచ్చనివీ ఉన్నాయి. మూడేళ్ల మద్దతు అంటే మామూలు బగ్‌లకు కూడా అనుకుంటారు చాలామంది. మొదటి ఎనిమిది నెలలు దాటాక సెక్యూరిటీ లోపాలు, డేటా పోయే బగ్‌లు మాత్రమే సరిచేస్తారు. మిగతావాటికి పై వెర్షన్‌కు పోవాల్సిందే. ఇంకోటి, జాంగో ఒక్కటే మారితే కుదరదు. 3.2కి పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ 9.6 చాలు, 4.2కి 12 కావాలి, 5.2కి 14, పైగా పైథాన్ 3.10. పాత సర్వర్ ఉన్నవాళ్లకు అసలు ఖర్చు ఇక్కడే. వేరేవాళ్లు రాసిన ప్యాకేజీలు ఈ క్యాలెండర్ పాటించాలని ఏమీ లేదు. మేం వాడే ఒక రిపోర్టుల ప్యాకేజీ కోసం వేసవి సగం ఎదురుచూసి, చివరికి దాన్ని తీసేసి ఆ పని మేమే రాసుకున్నాం.

అయినా చిన్న టీములకు నేను ఎల్‌టీఎస్ దారే చెప్తాను. కొత్త ఫీచర్ల కోసం ప్రతి వెర్షన్‌కూ మారాలంటే ఆ పనికే ఒక మనిషి కావాలి. మా దగ్గర ఉన్నదే ముగ్గురం.

వ్యాపారుల ఆడిటర్లకు మేమిచ్చే ఏపీఐకి కూడా ఇదే పద్ధతి పెట్టాం. పాత వెర్షన్ ఇచ్చే ప్రతి జవాబులో 'సన్‌సెట్' హెడర్ పంపుతున్నాం. 2019లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 8594 అనే ఇంటర్నెట్ పద్ధతుల పత్రం ప్రకారం, ఆ చిరునామా ఏ తేదీ తర్వాత పనిచేయకపోవచ్చో అది చెబుతుంది. తేదీని మే నెలలోనే పెడతాం. అక్టోబరు, మార్చి మధ్య మాత్రం ఏదీ ఆపం.