'వియెన్' అనాలా, 'వ్యాఁ' అనాలా: ఫ్రెంచి ఇంపర్ఫెక్ట్ సబ్జంక్టివ్ మనకి ఎంతవరకు?

ఈ మధ్య ఇదే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది. మెయిన్ క్లాజు పాస్ట్‌లో ఉంటే 'క' (మన 'అని' లాంటి మాట) తర్వాత వచ్చే సబ్జంక్టివ్‌ని, అంటే కోరిక, సందేహం లాంటివి చెప్పే క్రియారూపాన్ని, కూడా పాస్ట్‌లోకి (అదే ఇంపర్ఫెక్ట్ సబ్జంక్టివ్) లాగాలా, ప్రెజెంట్‌లోనే వదిలేయొచ్చా అని. అడిగేవాళ్లలో ఎక్కువమంది కెనడా పీఆర్ కోసం టెఫ్, టీసీఎఫ్ అనే ఫ్రెంచి పరీక్షలు రాస్తున్నవాళ్లు. నవలలు చదువుకోవడానికి నేర్చుకుంటున్నవాళ్లు ఒకరిద్దరు ఉన్నారు, వాళ్లకి నా జవాబు కొంచెం వేరే.

మొన్న ఒకమ్మాయి దిద్దమని పంపిన ఫిర్యాదు ఉత్తరంలో ఈ వాక్యం కనబడింది: "జొరె వూలు క వూ మ రాఁబూర్సాసియే." మీరు నా డబ్బు వాపసు ఇస్తే బాగుండేది అని చెప్పాలని ఆమె ఉద్దేశం. వ్యాకరణం పట్టుకుని చూస్తే ఒక్క తప్పు లేదు, ఆ అమ్మాయి కష్టపడి టేబుల్ అంతా బట్టీ పట్టింది. కానీ పాడైపోయిన మిక్సీ గురించి కస్టమర్ కేర్‌కి "తాము నా పైకమును మరల నొసంగిన బాగుండెడిది" అని రాసినట్టుంది. చదివిన ఫ్రెంచి మనిషి ముందు నవ్వుకుంటాడు, డబ్బు సంగతి ఆ తర్వాతే.

ఈ ఇంపర్ఫెక్ట్ సబ్జంక్టివ్ రూపం ఎలా వస్తుందో ఒక్కసారి గుర్తు చేసుకుందాం, ఎక్కువ సేపు పట్టదు. పాసే సాంప్ల్‌లో, అంటే పుస్తకాల్లో కథ చెప్పే పాస్ట్‌లో, 'త్యు' (నువ్వు) రూపం తీసుకోండి. పార్లే (మాట్లాడటం) క్రియకి అది 'పార్లా', చివర పలకని ఎస్ ఒకటి ఉంటుంది. దానికి ఇంకో ఎస్, ఒక ఈ తగిలిస్తే 'పార్లాస్'. అక్కణ్ణుంచి నూ (మేము), వూ (మీరు)లకి పార్లాసియోఁ, పార్లాసియే. 'ఇల్' (అతను) ఒక్కటే దారి తప్పుతుంది: అచ్చు మీద టోపీ (^), చివర పలకని టీ, వినడానికి 'పార్లా' అంతే. ఫేర్‌కి (చేయడం) ఫిస్, ఎత్ర్‌కి (అవడం, ఉండటం) ఫ్యుస్, అవ్వార్‌కి (కలిగి ఉండటం) య్యుస్, వెనీర్‌కి (రావడం) వ్యాఁస్. పాసే సాంప్ల్ వచ్చినవాళ్లకి ఇందులో కొత్తగా నేర్చుకోవాల్సింది దాదాపు ఏమీ లేదు, రానివాళ్లు ముందు అది నేర్చుకోవాలి, దీని జోలికి ఇప్పుడే రావద్దు.

ఇక పోటీ. పాత నియమం ప్రకారం "జ వ కిల్ వియెన్", అతను రావాలని కోరుకుంటున్నాను. అదే పాస్ట్ అయితే "జ వూలె కిల్ వ్యాఁ". నేటి ఫ్రెంచి రెండో చోట కూడా 'వియెన్' అనే అంటుంది. ఇదేదో నిన్నమొన్న కుర్రకారు తెచ్చిన బద్ధకం అనుకుంటే పొరపాటు. 1901 ఫిబ్రవరి 26న ఫ్రాన్స్ విద్యాశాఖ మంత్రి జార్జ్ లేగ్ ఇచ్చిన ఉత్తర్వులోనే, మెయిన్ క్లాజు కండిషనల్ ప్రెజెంట్‌లో ఉంటే వియెన్ అని రాసినా, వ్యాఁ అని రాసినా తప్పు పట్టొద్దని ఉంది. మన దగ్గర గిడుగు వారు వాడుక భాష కోసం గట్టిగా గొంతెత్తడానికి కొన్నేళ్ల ముందు మాట అది. 1976 డిసెంబరులో వచ్చిన ఇంకో ఉత్తర్వు మెయిన్ క్లాజు పాస్ట్‌లో ఉన్నా ఇదే సడలింపు ఇచ్చింది. కాబట్టి ప్రెజెంట్ రాస్తే మార్కులు పోతాయేమో అనే టెన్షన్ అక్కర్లేదు.

అసలు మనకి ఈ సందేహం ఎందుకొస్తుందా అని ఆలోచిస్తే, తెలుగు వల్ల కాదు, ఇంగ్లీషు గ్రామర్ క్లాసుల వల్ల. మెయిన్ వెర్బ్ పాస్ట్ అయితే వెనకున్నది కూడా పాస్ట్ అవ్వాలని చిన్నప్పుడు స్కేలుతో కొట్టి మరీ నేర్పారు. తెలుగులో చూడండి: వాడు రావాలని కోరుకుంటున్నాను, వాడు రావాలని కోరుకున్నాను, వాడు రావాలని రోజూ కోరుకునేదాన్ని. 'రావాలని' మూడింట్లోనూ కదల్లేదు. కాలం సంగతి వెనకొచ్చే క్రియ చూసుకుంటుంది. నేటి ఫ్రెంచి చేస్తున్నదీ అదే, అటువైపు 'వియెన్' కదలదు, కాలం అంతా 'జ వ', 'జ వూలె'ల మీద పడుతుంది. స్పానిష్, ఇటాలియన్ ముందు నేర్చుకుని వచ్చినవాళ్లకి మాత్రం ఇది మింగుడు పడదు, ఎందుకంటే ఆ భాషల్లో ఈ రూపం ఇప్పటికీ వీధిలో బతికే ఉంది. మూలం చాలామటుకు ఒకటే, లాటిన్ ప్లూపర్ఫెక్ట్ సబ్జంక్టివ్. ఈ మూడింటిలో ఫ్రెంచి ఇంట్లోనే అది అటక ఎక్కింది.

ఇంకో సాక్ష్యం. ఫినీర్ క్రియ తీసుకోండి. ప్రెజెంట్ సబ్జంక్టివ్, ఇంపర్ఫెక్ట్ సబ్జంక్టివ్ పక్కపక్కన రాసి చూస్తే ఆరు రూపాల్లో అయిదు అచ్చం ఒక్కటే, 'ఇల్' ఒక్కచోట తేడా. ఇన్నాళ్లుగా ఆ రెండూ కలిసిపోయినా ఎవరికీ అర్థం చెడలేదు. అంటే ఈ తేడా మోసే బరువు ఏపాటిదో మీరే చూసుకోండి.

అలాగని ఇంపర్ఫెక్ట్‌ని పూర్తిగా చెత్తబుట్టలో వేయమని నేను చెప్పను. నా లెక్కలో అసలు తేల్చేది నియమం కాదు, చెవి. ఇంకా చెప్పాలంటే, ఏ పురుషలో వాడుతున్నారన్నది. 'ఇల్' రూపాలన్నీ వినడానికి పాసే సాంప్ల్ లాగే ఉంటాయి. ఫ్యు, య్యు, వ్యాఁ, పార్లా, ఏదీ చెవికి కొత్తగా తగలదు, కాగితం మీద టోపీ తప్ప. అందుకే కథల్లో, వ్యాసాల్లో 'కిల్ ఫ్యు' ఇంకా హాయిగా తిరుగుతోంది. 'జ' (నేను), 'త్యు', 'నూ', 'వూ' అలా కాదు. ఆ -ఆస్, -ఆసియోఁ, -ఆసియే మోతలు ఎంత మంది మధ్యలో ఉన్నా పళ్లెం కింద పడ్డట్టు వినిపిస్తాయి. సావ్వార్ (తెలియడం) క్రియకి 'జ స్యుస్' అంటే మరీ ఘోరం, చప్పరించడం అనే క్రియ కూడా సరిగ్గా అలాగే పలుకుతుంది, ఆపైన క్లాసులో పాఠం సాగదు.

ఫ్రెంచి రచయిత కామూ 1956లో రాసిన 'లా ష్యూట్' నవల మొదటి పేజీల్లో ఈ సంగతి ఎంత బాగా పట్టుకున్నాడో. ఆమ్‌స్టర్‌డామ్ బార్‌లో కూర్చుని ఎదుటివాడితో మాట్లాడుతున్న లాయరు మాటల మధ్య 'ఫిస్' అంటాడు, ఫేర్ క్రియకి 'జ' రూపం. వెంటనే ఎదుటివాడి ముఖంలో ఏదో కదలడం గమనించి, ఈ ఇంపర్ఫెక్ట్ సబ్జంక్టివ్ మీకు తగిలింది కదూ, నాకు దాని మీద బలహీనత ఉంది అని తనే ఒప్పుకుంటాడు. ఆ మనిషి ఎలాంటివాడో, తనని తాను ఎంత చూసుకుని మురిసిపోతాడో ఆ ఒక్క క్రియారూపంతో తెలిసిపోతుంది. అక్కడ 'ఇల్' రూపం పెట్టి ఉంటే ఎదుటివాడికి వినిపించేదే కాదు, జోకు పేలేదే కాదు. 1956లోనే పరిస్థితి అది, ఇప్పుడు మీరు ఇంటర్వ్యూలో 'క జ ఫిస్' అంటే ఏమవుతుందో ఊహించుకోండి.

కాబట్టి నా వాడకం ఇలా ఉంటుంది. మాట్లాడేటప్పుడు, ఉత్తరాలు, మెయిళ్లు, పరీక్షలు, పాసే కాంపోజేలో (రోజువారీ మాటల పాస్ట్) నడిచే ఏ రాత అయినా సరే, ప్రెజెంట్ సబ్జంక్టివ్, ఇంకో ఆలోచన లేదు. మీరు పాసే సాంప్ల్‌లో కథ రాస్తుంటే, అదీ 'ఇల్', 'ఎల్' వస్తే, ఫ్యు, య్యు, వ్యాఁ, ప్యు వాడండి, అందంగానే ఉంటుంది. 'ఇల్' బహువచనానికి ఫ్యుస్, య్యుస్ వరకు నా చెవి ఒప్పుకుంటుంది. పాసే కాంపోజే వాక్యం పక్కన 'వ్యాఁ' పెట్టడం మాత్రం జీన్స్ మీద కండువా వేసుకున్నట్టు, నాకు అస్సలు నచ్చదు.

రాసేవాళ్లకి ఒక్క గుంట ఉంది, ఫ్రెంచి వాళ్లే తరచూ పడతారు. 'అవాఁ కిల్ ఫ్యు పార్తి', అతను వెళ్లకముందు, ఇక్కడ టోపీ ఉండాలి. 'అప్రె కిల్ ఫ్యు పార్తి', అతను వెళ్లాక, ఇక్కడ టోపీ ఉండకూడదు, ఎందుకంటే అప్రె తర్వాత సబ్జంక్టివ్ రాదు. వినడానికి రెండూ ఒకటే, అందుకే చెయ్యి జారుతుంది. బహువచనం చేసి చూసుకోండి: మొదటిది 'ఫ్యుస్' అవుతుంది, రెండోది 'ఫ్యుర్' అవుతుంది, 'ఫ్యుస్' వచ్చినచోటే టోపీ. 1990 స్పెల్లింగ్ సవరణల్లో ఐ, యూ మీద టోపీలు చాలా చోట్ల తీసేశారు కదా అని ఇక్కడ కూడా తీసేయకండి, ఈ క్రియారూపాలకి అప్పుడు మినహాయింపు ఇచ్చారు.

ప్లూపర్ఫెక్ట్ సబ్జంక్టివ్ సంగతి కూడా కొందరు అడుగుతారు. పుస్తకంలో 'ఇల్ య్యు' వెనక పార్టిసిపుల్ కనబడితే చాలాసార్లు 'అయి ఉండేది', 'చేసి ఉండేవాడు' అని చదువుకుంటే సరిపోతుంది. రాయాల్సిన అవసరం రాదు. ఇక 'ఫ్యుస్' (ఇది fût-ce, 'అదే అయినా సరే'), 'ద్యుసేజ్' ('నేను చేయాల్సి వచ్చినా'), 'ప్ల్యు తా ద్య' ('దేవుడు అలా చేస్తే బాగుండు') లాంటివి మనకి 'వర్ధిల్లు గాక' ఎలాగో అలాగ, వాటికి రూల్ వెతక్కుండా మాటగా నేర్చేసుకోండి.

అందరూ మర్చిపోయే మూడో దారి ఇంకొకటి ఉంది, ఫ్రెంచి వాళ్లు కూడా పట్టేదే: సబ్జంక్టివ్ రాకుండా వాక్యమే మార్చేయడం. 'అతను రాకముందు' అనడానికి 'అవాఁ కిల్ వియెన్'నా, 'అవాఁ కిల్ వ్యాఁ'నా అని తల పట్టుకునే బదులు 'అవాఁ సోఁ నారివే', అతని రాకకి ముందు, అంటే గొడవే లేదు. ఆ అమ్మాయి ఉత్తరంలో 'రాఁబూర్సాసియే' కొట్టేసి పక్కన రెండు రాశాను. ఒకటి 'క వూ మ రాఁబూర్సియే', ప్రెజెంట్ సబ్జంక్టివ్. రెండోది 'జ వూ ప్రీ ద మ రాఁబూర్సే', దయచేసి నా డబ్బు వాపసు ఇవ్వండి. ఆమె రెండోది పెట్టి పంపింది.