యకూజా 3: నేరుగా మొదలుపెట్టాలా, 0 నుంచి రావాలా?

యకూజా అంటే జపాన్ నేర ముఠాల మీద వచ్చిన వీడియో గేమ్ సిరీస్; 0 దాని ముందుకథ. 3 మొదలయ్యేది జపాన్‌లోని ఒకినావా ఒడ్డున ఉన్న మార్నింగ్ గ్లోరీ అనాథాశ్రమంలో. కిర్యూ పెంచుకున్న హరుకాతో కలిపి 9 మంది పిల్లలు, వాళ్లను సాకే మాజీ యకూజా (ముఠా సభ్యుడు) కిర్యూ.

ఖర్చు: నేరుగా అయితే ఒక్క గేమే. 0 నుంచైతే ముందు మరో మూడు (0, కివామీ, కివామీ 2) కొనాలి.

టైమ్: రెండో దారికి నెలలు పడతాయి.

రిస్క్: ఇది 2009 నాటి ఆట. కొట్టిన దెబ్బల్లో చాలావాటిని శత్రువులు అడ్డుకుంటారు. కొత్త ఇంజిన్‌తో వచ్చిన కివామీ 2 (రెండో గేమ్ రీమేక్) ఆడి వస్తే చిరాకే.

కథ: మొదట్లోనే కిర్యూ, హరుకా సమాధుల ముందు నిలబడతారు. పాత కథను క్లుప్తంగా చూపిస్తారు, కానీ ఆ సమాధుల్లో ఉన్నవాళ్లు తెలిసినవాళ్లకే గొంతు పట్టేస్తుంది. ఆశ్రమంలో పిల్లల అలకలు తీర్చడం కూడా (కొందరికి బోరు, నాకు ఇష్టం) అప్పుడే అర్థవంతంగా అనిపిస్తుంది.

ఓపిక ఉంటే 0 నుంచి రండి. పిల్లల కథ చాలనుకుంటే నేరుగా 3.