పాత మజిల్‌లోడింగ్ సరంజామా లాట్: ఏడిపించింది గుడ్డముక్కలే

మూతి వైపు నుంచి మందూ గుండూ నింపే తుపాకుల్ని, అంటే మజిల్‌లోడర్లని, కాల్చే వ్యాపకం ఎవరో మానేశాక సామానంతా ఒకే పెట్టెలో వేసి గంపగుత్తగా అమ్మేస్తుంటారు. అలాంటి లాట్ ఒకటి కొని, చాలాకాలం వాడి రాస్తున్న సమీక్ష ఇది. మజిల్‌లోడర్ నింపడం తెలిసినవాళ్ల కోసమే కాబట్టి మొదటి పాఠాలు వదిలేస్తున్నాను. పెట్టెలో ఉన్నవి: ఒక్క గుండు పోసే ఇనుప అచ్చు, మందు కొలిచే ఇత్తడి కొలగొట్టం, మందు నిల్వ ఉంచే ఫ్లాస్క్, కొన్ని నిపుల్స్ (క్యాప్ కూర్చునే చిన్న మర గొట్టాలు), వాటి రెంచి, 11వ నంబర్ క్యాప్‌లు (సుత్తి దెబ్బకి పేలి మందు అంటించే చిన్న మూతలు), పోతపోసిన .490 అంగుళం సీసపు గుండ్లు, సీలు తీసినవీ తీయనివీ తుపాకిమందు డబ్బాలు, ముందే నూనె పట్టించిన ప్యాచ్‌ల (గుండు చుట్టూ పెట్టి గొట్టంలోకి దించే గుడ్డముక్కల) ప్యాకెట్లు. వీటిని వాడింది .50 అంగుళం పెర్కషన్ (క్యాప్‌తో పేలే) రైఫిల్‌లో. దాని రైఫ్లింగ్ (గుండుని తిప్పే గొట్టం లోపలి మెలిక గాడులు) 48 అంగుళాలకి ఒక చుట్టు.

లాట్ చూసేటప్పుడు కళ్లు అచ్చు మీదకీ ఫ్లాస్క్ మీదకీ మందు డబ్బాల మీదకీ పోతాయి. ప్యాచ్‌ల ప్యాకెట్ విప్పి చూసేవాళ్లు అరుదు. ఈ పెట్టెలో అన్నిటికన్నా చవకైనవి అవే, మిగతా సామాను మొత్తాన్ని పనికిరానిదిగా కనిపించేలా చేసినవీ అవే. వాటి మీద నా కోపం ఇప్పటికీ తగ్గలేదు.

50 గజాల్లో అరచేతి వెడల్పులో గుండ్లు పెట్టే రైఫిల్ ఇది. ఈ ప్యాచ్‌లు పెట్టేసరికి కాగితం నలుమూలలా కొట్టడం మొదలుపెట్టింది. ఒక గుండు మధ్యలో, తర్వాతది పైన, ఇంకోటి కాగితానికే తగలదు. పేలుడు శబ్దం కూడా ఒకలా ఉండదు, ఒకటి గట్టిగా పగిలినట్టు, ఒకటి డొల్లగా. గొట్టంలో మసి త్వరగా పేరుకుని, కొన్ని గుండ్లు దిగేటప్పుడు గరగరమంటాయి. ఇవన్నీ చూస్తే ఎవరికైనా మొదటి అనుమానం మందు మీదే వస్తుంది. మందు మార్చినా అదే తీరు. కొత్త నిపుల్ పెట్టినా అంతే. గుండ్లు ఒక్కొక్కటీ తూచి 177 గ్రెయిన్లకి (మందూ గుండ్లూ తూచే చిన్న ప్రమాణం) ఒక గ్రెయిన్ అటూఇటూ ఉన్నవే ఏరినా తేడా లేదు.

జవాబు గురి కాగితం మీద లేదు, తుపాకి ముందు నేల మీద ఉంది. కాల్చిన ప్యాచ్ సాధారణంగా గొట్టం మూతికి కొన్ని గజాల్లోనే పడుతుంది. దాన్ని ఏరుకొచ్చి చూడటం కన్నా మంచి పరీక్ష మజిల్‌లోడర్‌కి లేదు. ఆరోగ్యంగా ఉన్న ప్యాచ్ గుండ్రంగా, చిరగకుండా ఉంటుంది. మధ్యలో గుండు కూర్చున్న నల్లటి వలయం, దాని చుట్టూ రైఫ్లింగ్ గాడుల గుర్తులు, అంచుల్లో కాస్త మసి, కొద్దిగా పోగులు లేచిన కొసలు, అంతే. మళ్లీ వాడొచ్చేమో అనిపించేటంత శుభ్రంగా ఉండాలి. ఈ ప్యాకెట్లలో ప్యాచ్‌లు సగం దొరకనే లేదు, పీలికలై ఎగిరిపోయాయి. దొరికినవాటిలో కొన్నిటికి నడుమ కాలిన రంధ్రం, కొన్నిటికి అడ్డదిడ్డమైన చీలికలు.

చీలికలు ఎక్కడున్నాయన్నది ముఖ్యం. రైఫ్లింగ్ గట్లు ఎన్ని ఉన్నాయో అన్ని కోతలు, సమాన దూరాల్లో పడితే తప్పు గొట్టానిది. మూతి అంచు పదునుగా ఉండటమో, గట్లు గుడ్డని కోయడమో జరుగుతోందన్నమాట. చిరుగులకి ఒక పద్ధతి లేకుండా, ఒక్కో ప్యాచ్‌లో ఒక్కో చోట ఉంటే తప్పు గుడ్డది, లేదా గుండూ గుడ్డా కలిసి గొట్టానికి వదులయ్యాయి. ఇక్కడ పద్ధతి లేదు. అదే గుండుకి అదే మందంతో కొత్త గుడ్డ పెడితే ప్యాచ్ చెక్కుచెదరలేదు. గ్రూప్ (కాగితం మీద గుండ్లు పడిన గుంపు) కూడా వెంటనే దగ్గరపడింది. అచ్చు, మందు, గుండ్లు అన్నీ నిర్దోషులని అప్పుడు తేలింది.

కారణం వింతేమీ కాదు. నూలుగుడ్డ పొడిగా ఉంటే ఎన్నేళ్లైనా నిలుస్తుంది. దానికి నూనె, కొవ్వు పట్టించి ఏళ్ల తరబడి ప్యాకెట్లో ఉంచితే ఆ నూనె గాలికి ఆక్సీకరణ చెంది పుల్లబడుతుంది, జిగురుగా మారుతుంది, ఆ ఆమ్లం నూలు పోగుల్ని తినేస్తుంది. పైకి చూస్తే ఏమీ తెలియదు. పసుపుపచ్చ గోధుమ రంగు, మక్కిన నూనె వాసన ఉంటే అనుమానించాలి. అవి లేనంత మాత్రాన బాగున్నట్టు కాదు. జిగురెక్కిన నూనె పోగుల్ని అంటించి పట్టుకుంటుంది కాబట్టి చేతికి గట్టిగానే అనిపిస్తుంది, వెనక మందు మండినప్పుడు వేడికి ఆ పట్టు పోతుంది.

అందుకే పరీక్ష ఇలా చెయ్యాలి. ప్యాకెట్లో పైనుంచి ఒకటి, నడుమ ఒకటి, అడుగున ఒకటి తీయాలి. వేడినీళ్లూ సబ్బూ పెట్టి నూనె పోయేదాకా ఉతికి ఆరబెట్టాలి. బొటనవేళ్ల మధ్య పట్టి నిలువుగా, అడ్డంగా, చివరికి మూలవాటుగా గట్టిగా గుంజాలి. బాగున్న టికింగ్ (గట్టి నేత) గుడ్డ చేతులకి లొంగదు. పాడైనది తడి కాగితంలా విడిపోతుంది. మూడింటిలో ఒక్కటి చిరిగినా ప్యాకెట్ మొత్తం పారేయాలి. ఉతికి మళ్లీ నూనె పట్టిద్దామనే ఆలోచన వద్దు, పోయిన పోగు బలం తిరిగి రాదు. గొట్టం తుడవడానికి కూడా ఇవి పనికిరావు. జాగ్ (గుడ్డని పట్టి గొట్టంలోకి తోసే కడ్డీ కొన) మీద చిరిగిన గుడ్డ లోపలే ఉండిపోతే వార్మ్ (గుడ్డని పట్టి లాగే మెలిక కొక్కెం) పెట్టి లాగాల్సి వస్తుంది.

గురి పోవడం ఒక్కటే కాదు, ఇందులో ప్రమాదం కూడా ఉంది. చిరిగిన ప్యాచ్ ముక్క నిప్పురవ్వగా గొట్టం అడుగున మిగిలితే, తర్వాత పోసే మందు దాని మీదే పడుతుంది. ప్యాచ్‌లు కాలుతున్నాయని తెలిసిన క్షణం నుంచి ప్రతి గుండుకీ మధ్య తడి ప్యాచ్‌తో తుడవడం, కాస్త ఆగడం తప్పనిసరి. ఫ్లాస్క్ నుంచి నేరుగా గొట్టంలోకి పోయకూడదు, విడి కొలతలోకి తీసుకునే పోయాలి అన్న నియమం ఉన్నది ఇందుకే. ఎండుగడ్డి ఉన్న చోట రాజుకుంటున్న పీలికలు నేల మీద పడటం ఇంకో బెడద.

ఇప్పుడు వాడుతున్నది దిండ్లకి, పరుపులకి కుట్టే చారల టికింగ్ గుడ్డ. నూరు శాతం నూలు, 0.015 నుంచి 0.018 అంగుళం మందం. కొన్న వెంటనే వేడినీళ్లలో ఉతికితే గంజి పోయి, నేత దగ్గరపడి, మందం కొంచెం పెరుగుతుంది, అందుకే ఉతికాకే కొలవాలి. నీళ్లలో కలిసే కటింగ్ ఆయిల్ ఒక పాలు, నీళ్లు ఏడు పాళ్లు కలిపి, అందులో ముంచి పిండి, ఎక్కడా మడత పడకుండా పరిచి ఆరబెడితే పొడి ప్యాచ్ తయారవుతుంది. తేనెమైనం, కొవ్వు కలిపిన ముద్ద రాసేదైతే ఆ రోజుకి కావలసినన్నే రాసుకోవాలి, నిల్వ పెట్టకూడదు. నాకు అర్థమైనంతలో ముందే నూనె పట్టించిన ప్యాచ్ అనేది త్వరగా వాడేయాల్సిన సరుకు, అటక మీద దాచుకునేది కాదు.

మిగతావాటి సంగతి. ఇనుప అచ్చు మీద మొదట్లో నేను చాలా గొప్పగా చెప్పేవాణ్ణి. ఇప్పుడూ మంచిదే అంటాను, కానీ కొంచెం తగ్గించి. రెండు భాగాల్ని కలిపే పిన్నులు అరిగాయి. వేడెక్కాక సరిగ్గా కూర్చోకపోతే గుండు నడుముకి సన్నని రెక్క వస్తుంది. కాబట్టి గుండుని అతుకు గీత మీదుగా ఒకసారి, దానికి అడ్డంగా ఒకసారి కాలిపర్‌తో (సన్న కొలతల పనిముట్టుతో) కొలవాలి. తేడా 0.002 అంగుళం దాటితే పక్కన పడేయాలి. తుప్పు పట్టకుండా పూసిన పాత నూనెని పూర్తిగా తీయకపోతే గుండ్లు ముడతలు పడతాయి. అచ్చు బాగా వేడెక్కేదాకా వచ్చే మొదటి గుండ్లకి కూడా ముడతలు ఉంటాయి, అవి తిరిగి కుండలోకే. కరిగిన సీసంలో తడి చుక్క పడితే ఆవిరై చిమ్ముతుంది, ఇక్కడ నిర్లక్ష్యం పనికిరాదు.

పాత గుండ్ల మీద తెల్లటి పొడి ఉంటే అది సీసపు లవణం, విషం. పొడిగా ఉండగా బ్రష్‌తో రుద్దకూడదు. చేతి తొడుగులు వేసుకుని తడిపి తుడవాలి. అట్టపెట్టెలు, ఓక్ చెక్క పెట్టెలు వదిలే ఆమ్లపు ఆవిర్ల వల్ల ఇది పెరుగుతుంది. గోరుతో గీస్తే గీత పడని గుండు మిశ్రమ సీసం. తూస్తే 177 కన్నా తేలిగ్గా ఉంటుంది, ప్యాచ్‌తో దిగడానికి మొండికేస్తుంది.

ఇత్తడి కొలగొట్టం 70 గ్రెయిన్ల గీత మీద ప్రతిసారీ దాదాపు ఒకే తూకం ఇచ్చింది, అందుకు మెచ్చుకున్నాను. వాడగా వాడగా బిగింపు మర అరిగి, జేబులో ఒత్తిడికి కడ్డీ జారిపోవడం మొదలైంది. 70 అనుకున్నది 80 అయినా చెయ్యి గుర్తుపట్టదు. ఇప్పుడు ప్రతిసారీ గీత చూసే నింపుతున్నాను. ఎప్పుడూ ఒకే మోతాదు వాడేవాళ్లకి కడ్డీ జరగని స్థిర కొలగొట్టం మేలు. ఇంకో మాట, పైరోడెక్స్ లాంటి, బ్లాక్ పౌడర్‌కి (పాతకాలపు నల్ల తుపాకిమందుకి) బదులు వాడే మందుల్ని బ్లాక్ పౌడర్‌తో సమానమైన ఘనపరిమాణంలో కొలుస్తారు, సమానమైన బరువులో కాదు. తక్కెడ పెట్టి అదే బరువు పోస్తే మోతాదు మించిపోతుంది.

మందు డబ్బాల్లో సీలు తీయనివి పొడిగా ఉంటే బ్లాక్ పౌడర్ ఎన్నేళ్లైనా చెడదు. సురేకారం, బొగ్గు, గంధకం అన్న మూడింటిలో తనంతట తాను కుళ్లేది ఏదీ లేదు. సీలు తీసిన డబ్బా మాత్రం, లేబుల్ ఏది ఉన్నా, నమ్మకూడదు. అందులో ఎవరో స్మోక్‌లెస్ మందు (ఆధునిక తుపాకుల పొగరాని మందు) పోసి ఉంచితే గొట్టం పగులుతుంది, మనిషి పోతాడు. గింజలు చూసి గుర్తుపడతాననే ధీమా కూడా వద్దు. అలాంటివి వాడకుండా, స్థానిక నియమాల ప్రకారం వదిలించుకోవాలి. డ్యూపాంట్ పేరున్న బ్లాక్ పౌడర్ డబ్బా అయితే 50 ఏళ్లు దాటినదే, ఎందుకంటే ఆ సంస్థ 1970ల మొదట్లోనే ఆ వ్యాపారం వదిలేసింది. మందూ క్యాప్‌లూ మామూలు పార్సిల్‌లో రాకూడని సరుకు, కాబట్టి కొనేముందు చట్టం చూసుకోవాలి.

క్యాప్‌లు పొడి రోజుల్లో తడబాటు లేకుండా పేలాయి, తేమ పెరిగిన రోజుల్లో కొన్ని తుస్సుమన్నాయి. అలా జరిగినప్పుడు మూతి గురి వైపే ఉంచి కనీసం ఒక నిమిషం ఆగాలి. పచ్చటి చిలుము పట్టినవి వాడకూడదు, గీకకూడదు. 11 అని రాసి ఉన్నా కంపెనీని బట్టి కొలతలో తేడా ఉంటుంది, సీసీఐ కంపెనీ క్యాప్ సరిపోయిన నిపుల్ మీద ఆర్‌డబ్ల్యూఎస్ కంపెనీ 1075 రకం బిగుసుకోవచ్చు. పాత క్యాప్‌లు ఏవైనా తుప్పు పట్టించే రకమనే అనుకోవడం మంచిది. ఆ లవణం నూనెతో పోదు, వేడినీళ్లతోనే పోతుంది.

నిపుల్స్ దగ్గర మాత్రం ఆగి కొలవాలి. 1/4-28 మర (పావు అంగుళం, అంగుళానికి 28 చుట్లు) వ్యాసం 6.35 మి.మీ., మెట్రిక్ రకం 6 మి.మీ., చుట్ల మధ్య దూరం (పిచ్) 0.75 మి.మీ. చిన్నది పెద్ద రంధ్రంలో కొంత దూరం తిరిగి సరిపోయినట్టే అనిపిస్తుంది, పేల్చినప్పుడు ఊడి మొహం మీదికి రావచ్చు. అడుగు రంధ్రం కొత్తదానిలో సుమారు 0.03 అంగుళం ఉంటుంది. కాలి కాలి పెద్దదైతే పేలినప్పుడు సుత్తి వెనక్కి తన్నుతుంది, క్యాప్ ముక్కలవుతుంది.

లాట్ కొనాలా అంటే, నాకు సీసం పోసే సామాను, కాలిపర్, తక్కెడ ముందే ఉన్నాయి, రైఫిల్ కూడా పెట్టెలో గుండ్లకి సరిపోయే .50 అయింది. అందువల్ల అచ్చు, ఫ్లాస్క్, రెంచిల కోసమే ఇచ్చిన డబ్బు నాకు గిట్టుబాటైంది. ఇంకో కాలిబర్ (గొట్టం లోపలి వ్యాసం) వాళ్లకి అచ్చూ గుండ్లూ వృథా, అప్పుడు లెక్క మారిపోతుంది. వచ్చే వారమే కాల్చాలనుకునేవాళ్లు, ఒక్కొక్కటీ పరీక్షించే ఓపిక లేనివాళ్లు కొత్తవి కొనుక్కోవడమే నయం. బేరమాడేటప్పుడు ప్యాచ్‌లు, సీలు తీసిన మందు, చిలుము పట్టిన క్యాప్‌లు, ఈ మూడింటికీ విలువ సున్నా వేసి మిగతాదానికే ధర చెప్పాలి.