జాగ్రత్త: పేరూ గ్రాముల లెక్కా చెప్పని పొడితో రెడ్ వైన్‌ను తేర్చబోయి పాడుచేసుకున్నాను

ఇంట్లో రెడ్ వైన్ తయారుచేసుకుంటూ, దానిని తేటపరిచే పొడులు కొనేవారి కోసం ఇది రాస్తున్నాను. నేను ఆన్‌లైన్‌లో కొన్న ప్యాకెట్ మీద ఏ వైన్‌నైనా ఒక్క రాత్రిలో తేటపరుస్తుందన్న హామీ, చెంచాల కొలత ఉన్నాయే తప్ప, లోపల ఉన్న పదార్థం పేరు గానీ, లీటరుకు ఎన్ని గ్రాములు వాడాలన్న లెక్క గానీ లేదు. మూడు నెలల వయసున్న నా 20 లీటర్ల వైన్ కాస్త మసకగా ఉండడంతో, అక్కడ రాసినట్టే 5 లీటర్లకు ఒక చెంచా చొప్పున నాలుగు చెంచాలు కలిపాను.

మర్నాటికి వైన్ అద్దంలా తేరింది. అయితే ఆ సంతోషం మొదటి గుక్కతోనే పోయింది. రంగు వెలిసింది, పండు వాసన తగ్గింది, నాలుకను పట్టే వగరు దాదాపు లేకుండా పోయి నీళ్లు కలిపినట్టుగా ఉంది. అవన్నీ అడుగున మందపాటి మడ్డిగా పేరుకున్నాయి.

రెండుసార్లు ఉత్తరం రాసిన తరువాత, అది జెలటిన్ అని అమ్మకందారు ఒప్పుకున్నారు. జెలటిన్ ఒక ప్రోటీను. వైన్‌కు వగరునిచ్చే టానిన్లనే పదార్థాలను పట్టుకుని, వాటితో కలిసి గడ్డకట్టి కిందికి దిగుతుంది, పోతూ పోతూ కొంత రంగునూ వెంట తీసుకుపోతుంది. వగరు మరీ ఎక్కువైన వైన్‌కు ఇది మేలే గానీ, సాధారణంగా లీటరుకు 0.1 గ్రాము చుట్టుపక్కల సరిపోయేచోట, మిగిలిన పొడిని తూచి చూస్తే, నేను వేసినది లీటరుకు 0.6 గ్రాములని తేలింది. చెంచా కొలత ఎంత మోసమో అప్పుడు అర్థమైంది.

మూడు వారాలకు సీసాల్లో వైన్ మళ్లీ మసకబారింది. పట్టుకోవడానికి టానిన్లు చాలక మిగిలిపోయిన జెలటిన్ వైన్‌లోనే కరిగి ఉండి, తరువాత తెల్లని మసకగా బయటపడిందన్నమాట. దాన్ని బెంటొనైట్ బంకమట్టితో దించవచ్చు గానీ, అది ఉన్న రంగును కూడా మరికొంత లాగేస్తుంది కనుక ఆ పని చేయలేదు.

నిజానికి నా వైన్‌కు ఏ పొడీ అవసరం లేదేమో. రెడ్ వైన్‌లోని టానిన్లే ప్రోటీన్లను చాలావరకు దించేస్తాయి. ఈస్టు మసక అయితే ఇంకొన్ని నెలలు ఆగి, మడ్డి కదలకుండా పైతేటను వేరే పాత్రలోకి మార్చుకుంటే చాలు. పండ్లలోని జిగురు పదార్థమైన పెక్టిన్ వల్ల వచ్చే మసకకైతే జెలటిన్ పనికిరాదు, దాన్ని విడగొట్టే పెక్టినేజ్ ఎంజైము కావాలి. తప్పనిసరిగా తేర్చవలసి వస్తే ఒక శాతం జెలటిన్ ద్రావణం చేసుకుని, 100 మిల్లీలీటర్ల వైన్ నమూనాల్లో 0.25, 0.5, 1 మిల్లీలీటరు చొప్పున కలిపి, రెండు రోజులాగి రుచి చూసి, చాలిన వాటిలో అతి తక్కువ మోతాదునే మొత్తానికి వాడండి. వీటిలో 1 మిల్లీలీటరంటే లీటరుకు 0.1 గ్రాము.

పదార్థం పేరు లేని ప్యాకెట్‌ను వెనక్కి పంపడానికి ఇంకో కారణమూ ఉంది. జెలటిన్ జంతువుల చర్మం, ఎముకల నుంచి వస్తుంది; ఇదే పనికి వాడే ఆల్బుమిన్ గుడ్డు తెల్లసొన నుంచి, కేసిన్ పాల నుంచి, ఐసింగ్లాస్ చేపల ఈతతిత్తి నుంచి వస్తాయి. గుడ్డు, పాలు పడనివారికి ఇది ప్రమాదం, శాకాహారులకు మోసం. ఈ సంగతి అడిగితే, ప్యాకెట్ తెరిచారు కనుక డబ్బు తిరిగి ఇవ్వలేమన్న జవాబే వచ్చింది.