పెల్లెట్లా, .22 రౌండ్లా?

చెన్నైలో రైఫిల్ షూటింగ్ మొదలుపెట్టే మనవాళ్ళు అమెరికా వీడియోలు చూసొచ్చి, తూటాలు ఇంట్లోనే నింపుకోవచ్చా అని అడుగుతుంటారు. వద్దు బాబూ! లైసెన్స్ లేకుండా తూటా తయారుచేయడం 1959 ఆయుధ చట్టం కింద నేరం, పైగా .22 రౌండ్‌లో (0.22 అంగుళాల చిన్న తూటా) మందు అంటించే రసాయనం కేస్ (తూటా తొడుగు) అంచు లోపలే ఉంటుంది కాబట్టి ఒకసారి పేలాక ఆ కేస్ మళ్ళీ నింపడానికి మామూలుగా పనికిరాదు.

చేతులు పెట్టి సరిచేసుకునే సరదా ఉంటే 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ (గాలి ఒత్తిడితో కాల్చేది) పెల్లెట్లే, అంటే చిన్న సీసం గుళ్ళే నయం. పేరుకి అన్నీ 4.5 మిల్లీమీటర్లే గానీ, తల సైజు 4.49, 4.50 అని తేడాగా దొరుకుతాయి, మీ బ్యారెల్‌కి ఏది నప్పుతుందో కాల్చి చూడాల్సిందే. అంచు నొక్కుకుపోయినవి ఏరి పక్కన పెట్టండి. ఇక్కడి ఉక్కపోతకి డబ్బా మూత తీసి వదిలేస్తే సీసం మీద తెల్లటి పొడి పడుతుంది, అవీ వాడొద్దు. అన్నట్టు, చేతులు కడుక్కోకుండా ఇడ్లీ పొట్లం విప్పకండి, అది సీసం.

.22లో మీరు చేయగలిగేది తక్కువ: రెండు మూడు లాట్లు (ఒకే విడతలో తయారైన తూటాలు) కాల్చి చూసి, టార్గెట్ మీద గ్రూప్, అంటే దెబ్బల గుంపు, దగ్గరగా పడిన లాట్‌నే కొనడం, అదీ లైసెన్స్, క్లబ్ తతంగమంతా అయ్యాక. ట్రిగ్గర్ నొక్కినా పేలకపోతే టెన్షన్ పడి వెంటనే బోల్ట్ (తూటా గదిని మూసే భాగం) తీయకండి, గొట్టం టార్గెట్ వైపే ఉంచి కనీసం 30 సెకన్లు ఆగి, రేంజ్ ఆఫీసర్‌ని పిలవండి.

నన్నడిగితే ముందు పెల్లెట్లే. .22 తర్వాత చూసుకోవచ్చు.