తేనెపిట్టల ఫీడర్ అయిదేళ్ళు వాడాక చెప్తున్నా

ఈ ఫీడర్, అంటే తేనెపిట్టలు తాగడానికి తీపి నీళ్ళు పోసి చెట్టుకి వేలాడదీసేది, కొన్నది 2020లో, లాక్‌డౌన్ సడలించి మా సోంపేట వైపుకి పార్సిళ్ళు మళ్ళీ రావడం మొదలయ్యాక. వచ్చిన రోజే ఫోటో తీసి అయిదు చుక్కలు ఇచ్చీసేవాళ్ళ రివ్యూలు చూసే నేనూ కొన్నాను, కానీ ఇలాంటి వస్తువు మంచిదో కాదో ఒక ఎండాకాలం, ఒక వానాకాలం, ఒక తుఫాను చూస్తే గానీ తెలీదు. నేను అయిదేళ్ళు వాడాను, మొదటిది పారేసి రెండోది కొన్నాను, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

ముందు ఎందుకు కొన్నానో చెప్పాలి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది కదా, ఆ గాలికి మా ఉద్దానంలో ఎవరి పెరడూ మిగల్లేదు. మాకు పద్నాలుగు కొబ్బరిచెట్లుంటే మూడు నిలబడ్డాయి, పనసచెట్టు వేళ్ళతో సహా లేచిపోయింది, జీడిమామిళ్ళు మొదలుకంటా చీలిపోయాయి, మందార చెట్లయితే ఆకన్నది లేకుండా కర్రల్లా నిలబడిపోయాయి. మనుషుల గురించి టీవీల్లో వచ్చింది, పిట్టల గురించి ఎవరు చెప్తారు. తుఫాను పోయిన నాలుగో రోజో అయిదో రోజో ఒక తేనెపిట్ట వచ్చి ఆ మందార కర్ర మీద కూర్చుని ఇటు అటు తిరిగి చూసి, ఒక్క పువ్వు లేక, కీచుకీచుమని అరుచుకుంటూ పోయింది. అది నా కళ్ళలో ఉండిపోయింది. అప్పట్లో ఇలాంటి ఫీడర్లు ఉంటాయని తెలీదు నాకు. తెలిసుంటే ఆ పది పదిహేను రోజులు పెట్టేదాన్ని కదా అని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఇక వస్తువు సంగతి. నేను మొదట కొన్నది సీసా రకం, పైన తలకిందులుగా సీసా, కింద ఎర్ర ప్లేటు, ప్లేటుకి పసుపు రంగు ప్లాస్టిక్ పువ్వులు. డబ్బా మీద హమ్మింగ్‌బర్డ్ బొమ్మ ఉంటాది. ఆ పిట్ట మన దేశంలో లేదండి, అమెరికా ఖండాల్లోనే ఉంటాది, అది గాల్లో ఒక్కచోటే రెక్కలాడిస్తూ నిలబడి తాగుతాది. మన తేనెపిట్ట కూడా ఒక్కో క్షణం అలా నిలబడగలదు గానీ ఎక్కువసేపు కాదు, దానికి కాళ్ళు ఆనించుకోడానికి కొమ్మో కాడో ఉండాలి. అందుకని ఫీడర్ కొంటే ముందు చూడాల్సింది చుట్టూ కూర్చునే కడ్డీ ఉందా లేదా అని. నాదానికి కడ్డీ లేదు. మా ఇంటాయన కొబ్బరి ఈనెలు నాలుగు కట్టి ఇచ్చారు, అప్పటిదాకా ఒక్క పిట్టా వాలలేదు.

ఈనెలు కట్టాక కూడా వెంటనే రాలేదు, దాదాపు రెండు నెలలు పట్టింది. ఈలోగా చీమలొచ్చాయి, తేనెటీగలొచ్చాయి, ఉడత వచ్చి మూత కొరికీసింది. చాలామంది ఇక్కడే విసిగిపోయి అటక మీద పడీస్తారు. పిట్ట రావాలంటే ఆ ఫీడర్ పక్కన నిజం పువ్వు ఉండాలి. నేను దాన్ని పూస్తున్న నూరువరహాల చెట్టు కొమ్మకే వేలాడదీశాక వారం తిరక్కుండా ఆడపిట్ట ఒకటి ముక్కు పెట్టి చూసింది, తర్వాత రోజు మగది వచ్చింది. దూరం నుంచి నల్లగా కనబడతాది గానీ ఎండ పడితే ఊదా నీలం కలిసి మెరుస్తాది, ఆడది మాత్రం పైన మట్టిరంగు కింద లేత పసుపు. ఇది కాక గుండె దగ్గర ముదురు ఎరుపు, పొట్ట పసుపు ఉండే ఇంకో రకం కూడా మా పెరట్లోకి వస్తాది. ఏదైనా బరువు పది గ్రాములు దాటదు, అంత చిన్న ఒంటికి మనం ఇచ్చే నీళ్ళలో తేడా వస్తే తట్టుకునే శక్తి ఎంతుంటాదో మీరే ఆలోచించండి.

అందుకే ఏటి పోస్తున్నాం అన్నది ఫీడర్ కంటే పెద్ద విషయం. మా అత్తగారు మొదటి రోజే అన్నారు, తేనెపిట్ట కదమ్మా, తేనే పొయ్యి, చక్కెర నీళ్ళు పోసి మోసం చెయ్యడమేటి అని. ఆవిడ ప్రేమతోనే అన్నారు, కానీ తేనె పొయ్యకూడదు. నీళ్ళలో కలిపిన తేనె త్వరగా పులుస్తాది, బూజు పడతాది, ఆ బూజు పిట్టలకి జబ్బు తెస్తాది. అలాగే అనకాపల్లి బెల్లం ఎంత మంచిదైనా సరే బెల్లం నీళ్ళు వద్దు, బ్రౌన్ షుగర్ వద్దు, వాటిలో ఉండే ఇనుమూ మడ్డీ వీటి ఒంటికి పడవు. షుగర్ ఉన్నవాళ్ళు వాడే తీపి బిళ్ళలు అసలే వద్దు, వాటిలో బలం సున్నా, పిట్ట కడుపు నిండిందనుకుని ఉత్తి నీళ్ళు తాగి పోతాది. కొందరు ఎరుపు రంగు కలుపుతున్నారు, ఆ రంగు ఎందుకండీ, ప్లాస్టిక్ పువ్వు ఎర్రగా ఉంది కదా, అది చాలు.

మామూలు తెల్ల పంచదార ఒక వంతు, నీళ్ళు నాలుగు వంతులు, అంతే. నేను నీళ్ళు మరిగించి దింపి పంచదార కలిపి పూర్తిగా చల్లారాక పోస్తాను. చిక్కగా ఉంటే ఇంకా ఇష్టపడతాయని ఎక్కువ వేసీకండి, ఎండాకాలంలో వాటికి నీరూ కావాలి. పోసేది కూడా పావు గ్లాసే. మొదట్లో నేను సీసా నిండా పోసేదాన్ని, ఏప్రిల్ ఎండకి పొద్దున్న పోసింది సాయంత్రానికి మసకబారిపోయేది, మరుసటి రోజుకి నురగ. అది చూడకుండా వదిలీస్తే మనం మేపుతున్నట్టు కాదు, విషం పెడుతున్నట్టు. ఎండల్లో రోజూ పొద్దున్నే పాతది పారబోసి కొత్తది, చలికాలంలో రెండు రోజులకోసారి. మార్చిన ప్రతిసారీ వేడినీళ్ళతో కడగడం, వారానికోసారి వెనిగర్ కలిపిన నీళ్ళలో నానబెట్టి సన్న బ్రష్‌తో కన్నాల్లోపల తోమి, వాసన పోయేదాకా మంచినీళ్ళతో కడిగి ఎండలో ఆరబెట్టడం. సబ్బు వాడితే దాని జిడ్డు లేకుండా కడగాలి. ఇది రోజుకి పదినిమిషాల పని. ఆ పదినిమిషాలు ఇవ్వలేమనుకుంటే కొనకండి, నేను నిజంగానే చెప్తున్నా.

సీసా రకంతో వచ్చిన పెద్ద గొడవ కారడం. ఎండ పడగానే సీసా పైభాగంలో గాలి వేడెక్కి వ్యాకోచించి నీళ్ళని కిందకి తోసేస్తాది, బొట్లుబొట్లుగా కారుతూనే ఉంటాది, దానికి కింద నేలంతా చీమలు. చీమల కోసం తీగకి వేజ్లీన్ రాయమని ఎవరో చెప్తే రాశాను, తర్వాత తెలిసింది అది పిట్ట ఈకలకి అంటుకుంటే వదలదని, ఈకలు అతుక్కుపోతే ఎగరలేదు, వెంటనే తుడిచీసాను. ఇప్పుడు చేసేదేటంటే తీగ మధ్యలో కొబ్బరిచిప్ప గుచ్చి, కన్నం మైనంతో మూసి అందులో నీళ్ళు పోస్తాను, చీమ ఆ నీళ్ళు దాటలేదు. మైనం ఎండకి జారితే మళ్ళీ పెట్టుకోవాలి, అంతే.

రెండున్నరేళ్ళకి ఆ సీసా అడుగున నల్లబూజు పట్టి ఎంత తోమినా పోలేదు, పారేసి పళ్ళెం రకం కొన్నాను. మూత తీస్తే వెడల్పుగా పళ్ళెం, నీళ్ళు అడుగున ఉంటాయి, మూతకి కన్నాలు. పిట్ట నాలుక పొడుగు, గొట్టంలా ఉంటాది కాబట్టి అందుతాది, తేనెటీగకి అందదు. కారదు, చెయ్యి పెట్టి లోపలంతా తోమొచ్చు. ఇంకొక మాట, పసుపు పువ్వులకి తేనెటీగలూ కందిరీగలూ ఎక్కువొస్తాయి, అందుకే మొత్తం ఎరుపున్నదే తీసుకున్నాను. సీసా రకానికి అయిదులో ఒకటి, పళ్ళెం రకానికి నాలుగు ఇస్తాను. ఆ ఒకటి తగ్గించింది రంగు వెలిసిపోయినందుకు, మూత మర అరిగిపోయినందుకు.

కట్టే చోటు గురించి కూడా. ఎండ నేరుగా పడకూడదు, పిల్లి దూకే గోడకి దూరంగా ఉండాలి, కింద పొద ఉంటే పిల్లి నక్కి కూర్చుంటాది. కిటికీ అద్దానికి ఎదురుగా అయితే పిట్ట అద్దంలో చెట్టు నీడ చూసి అదే చెట్టనుకుని వచ్చి గుద్దుకుంటాది, అలా ఒకటి పోయింది మా ఇంట్లో, రెండో ఏడు. నేను తర్వాత ఆ కిటికీకి బయట దోమతెర కొట్టించాను. ఫిబ్రవరి మార్చిల్లో మగపిట్ట బండి అద్దంలో తన బొమ్మ చూసి ఇంకో మగదనుకుని రోజంతా పొడుస్తూనే ఉంటాది, తిండీ తిప్పా లేకుండా, దానికి పాత గుడ్డ ఒకటి తొడిగీండి చాలు.

ఇంత చెప్పాక అసలు సంగతి చెప్పాలి. నేను ఇప్పుడు ఫీడర్ ఏడాదంతా పెట్టడం లేదు. తుఫానుకి పూలన్నీ రాలిపోయిన రోజుల్లో, మే నెలలో పువ్వు కరువైనప్పుడు పెడతాను, మిగతా రోజుల్లో తోమి పెట్టెలో దాస్తాను. ఎందుకంటే 2019లో మళ్ళీ పెట్టిన మొక్కలు పెరిగాక పిట్టలు ఫీడర్ వైపు చూడ్డమే తగ్గించీసాయి. పువ్వులో ఉన్నది పంచదార ఒక్కటే కాదు కదా, ఆ పువ్వు చుట్టూ పురుగుంటాది, సాలీడుంటాది, తేనెపిట్ట తన పిల్లలకి పెట్టేది ముఖ్యంగా ఆ సాలీళ్ళూ పురుగులే. ఫీడర్‌లో అవి ఉండవు.

ఏ మొక్కలంటే, రేక మందారం పెట్టండి, ముద్ద మందారం కాదు. ముద్దదానికి రేకలు ఎక్కువ, మా ఇంట్లో దాని మీద పిట్ట వాలడం నేను పెద్దగా చూళ్ళేదు. రేక మందారానికి మాత్రం పక్క నుంచి తొడిమ దగ్గర కన్నం పెట్టి తాగిపోతాయి. నూరువరహాలు, దానిమ్మ, రాధామనోహరం, మునగ, నర్సరీల్లో హామీలియా అని అమ్మే నారింజ ఎరుపు గొట్టం పూల మొక్క, ఇది అన్నిటికంటే ఎక్కువ రోజులు పూస్తాది, పెద్ద పోషణ అక్కర్లేదు. అరటి గెల వేసినప్పుడు పువ్వు కూరకి కోసీకుండా ఒక చెట్టుకైనా వదిలీండి, ఒక్కో డొప్ప లేచినప్పుడల్లా పొద్దున్నే క్యూ కట్టినట్టు వస్తాయి, అది చూడ్డానికే నేను ఆరుగంటలకి టీ గ్లాసు పట్టుకుని నుయ్యి గట్టు మీద కూర్చుంటాను.

మా ముసలి మామిడి మీద బదనిక, అంటే వేరే చెట్టు కొమ్మ మీదే మొలిచి బతికే మొక్క, ఉంది. రైతులు దాన్ని కొట్టేస్తారు, చెట్టు రసం పీల్చీస్తాది కాబట్టి తప్పులేదు, నేనూ కాయించే చెట్ల మీద ఉంచను. కానీ ఆ ఒక్క చెట్టు మీద వదిలేశాను. దాని గొట్టం పూలకి తేనెపిట్టలు వస్తాయి, పళ్ళకి ఇంకా చిన్నది, బూడిదరంగు పిట్ట వస్తాది, అది పండు తిని జిగురుగా ఉన్న గింజని కొమ్మకి అతికించి పోతాది, అక్కడ మళ్ళీ బదనిక మొలుస్తాది. చోటున్నవాళ్ళు మోదుగ కూడా పెట్టొచ్చు. ఫిబ్రవరి ఆఖర్లో సీతంపేట కొండల వైపు (ఇప్పుడది మన్యం జిల్లాలోకి పోయింది) బస్సులో వెళ్తే ఆకులేని చెట్టంతా ఎర్రగా, ఆ ఎరుపులో ఎన్ని రకాల పిట్టలో.

మందు కొట్టడం గురించి గట్టిగా చెప్తాను. మందారానికి పిండినల్లి పడుతాది, అందరికీ తెలిసిందే. దుకాణంలో ఇచ్చే మందుల్లో కొన్ని, ఇమిడాక్లోప్రిడ్ లాంటివి, మొక్క లోపలికి ఎక్కి పువ్వులోని తేనెలోకి కూడా వస్తాయి. తేనె కోసం పెంచిన మొక్కకి అది కొడితే ఏటి ప్రయోజనం. నేను పట్టిన కొమ్మ కత్తిరించి కాల్చీస్తాను, మిగతాదానికి పైపుతో నీళ్ళు జోరుగా కొడతాను, మరీ ఎక్కువైతే పొద్దుపోయాక వేపనూనె పువ్వులకి తగలకుండా ఆకుల కింద. కొత్తగా నర్సరీ నుంచి తెచ్చిన మొక్కకి అక్కడ ఏటి కొట్టారో తెలీదు కాబట్టి మొదట వచ్చిన పూలు తుంచీస్తాను, మనసు ఒప్పకపోయినా.

గూడు సంగతి ఒకటి. ఆడపిట్ట సాలెగూళ్ళ దారాలతో ఎండుటాకులూ బెరడు ముక్కలూ అల్లి సంచీలా గూడు కడతాది, గుమ్మానికి పైన చిన్న చూరు కూడా పెడతాది. సంక్రాంతికి బూజు దులిపినప్పుడు మా అత్తగారు ఇంట్లోదంతా దులిపి పెరటి వసారా చూరు మాత్రం వదిలీమన్నారు, పిట్టకి దారం కావాలమ్మా అని, తేనె పొయ్యమన్న ఆవిడే. ఈ ఏడు బట్టలారేసే తీగ చివర కట్టింది. రెండు వారాలకి పైగా పొదిగింది, మగది పొదగలేదు గానీ పిల్లలొచ్చాక మేత తెచ్చింది. అన్నాళ్ళూ మేము బట్టలు మేడ మీద ఆరేశాం. దగ్గరికెళ్ళి ఫోటోలు తియ్యొద్దు, తల్లి వదిలీసి పోవచ్చు. పట్టి పంజరంలో పెట్టడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం, పక్కింటి గుంటలు అడిగితే అదే చెప్పాను, ఇప్పుడు వాళ్ళే కాపలా.

వేసవిలో ఫీడర్ కంటే ముందు ఒక పని చెయ్యండి, సాయంత్రం మొక్కలకి నీళ్ళు పెట్టేటప్పుడు ఆకుల మీద కూడా చల్లండి. తేనెపిట్ట తడి ఆకుల మీద దొర్లి స్నానం చేస్తాది, దానికి పెద్ద తొట్టి అక్కర్లేదు.

హామీలియా, రేక మందారం రెండూ కొమ్మ గుచ్చితే బతుకుతాయి. వానలు పడ్డాక జులైలో మా చెట్లకి కత్తిరింపు చేస్తాను, సోంపేట, కవిటి, కంచిలి చుట్టుపక్కల ఎవరికైనా కొమ్మలు కావాలంటే కింద రాయండి, తడిగుడ్డలో చుట్టి ఉంచుతాను.